గూడబాతు

మా గుడి పీఠం ముందుపలకలో ఒక పక్షి ఉంది.
మెడ వంచి, ముక్కు రొమ్ములో గుచ్చుకుని,
కింద నోళ్ళు తెరిచిన పిల్లలు.
చుట్టుగుంట దాటాక, కోల్డ్ స్టోరేజీ గోడ వెనక
విచారణ పెట్టిన కొత్తలో ఏ వడ్రంగి చెక్కాడో గానీ
చిన్నప్పుడు మేమంతా దాన్ని కొంగ అనేవాళ్ళం.

"కొంగ కాదర్రా, గూడబాతు" అనేవాడు రాయప్ప ఉపదేశి
బెత్తంతో దాని రొమ్ము మీద తట్టి.
"కరువొచ్చింది. చేపల్లేవు. పిల్లలు ఏడుస్తున్నయ్.
అప్పుడది తన రొమ్ము తానే పొడుచుకుని
నెత్తురు తాపింది.
ఎవర్రా ఆ పక్షి?"
క్రీస్తు ప్రభువని అరిచేవాళ్ళం.
గట్టిగా అరిస్తే జేబులోంచి బెల్లం ముక్క తీసేవాడు.
బెల్లం కోసమే కావచ్చు, నమ్మాం.

మా అమ్మ శౌరమ్మ యార్డులో తొడిమలు తీసేది.
తేజా రకం దిగిన రోజు
రాత్రంతా చేతులు చన్నీళ్ళ గిన్నెలో పెట్టుకుని కూచునేది.
అన్నం గరిటెతోనే కలిపి పెట్టేది మాకు,
"నా చెయ్యి తగిలితే మీ మూతి మండుద్ది" అని.
పూజలో అందరూ అరచేతులు చాచే కాలం వచ్చినా
ఆమె నోరే తెరిచేది.
పాతకాలపు భక్తి అనుకున్నారు స్వాములోరు.
"మిరప అంటిన వేళ్ళతో ఆయన్నెట్టా పట్టుకునేదే" అంది నాతో,
"ఆయనకసలే గాయాలు."

ఒక ఏడు పండక్కి రంగులేయడానికి ఖాసిం వచ్చాడు,
టిక్కీల మీద మార్కాలు రాసే ఖాసిం.
ఎరుపు చాలక, యార్డు ఎరుపే తెచ్చి రొమ్ముకి పూశాడు.
తెల్లారి చూస్తే
మూడు పిల్లలుండాల్సిన చోట నాలుగు.
నాలుగోది కాస్త వంకర, కళ్ళు మరీ పెద్దవి.
"ఇది గుర్తయ్యా! లెక్క తప్పితే అర్థం తప్పుద్ది"
అని ఉపదేశి ఎగిరిపడ్డాడు.
ఖాసిం కుంచె కిరసనాయిల్లో జాడిస్తూ
"గూట్లో చోటుంది గదండీ" అన్నాడు.
సత్యోపదేశం పుస్తకంలో ఆ మాటకి జవాబు లేదు.

ఉపదేశి పోయాడు. అమ్మ కూడా పోయింది,
తపస్కాలం ఐదో శుక్రవారం,
సిలువ మార్గంలో ఆరో స్థలం దగ్గర మేం మోకరించి ఉండగా.
ఆమె రేషను కార్డులో ఎండిన ఈతాకు సిలువ దొరికింది.
మరుసటేడు విభూతి కోసం గుళ్ళో ఇచ్చేశాను.
నా నుదుటి మీద పడిన బూడిదలో
అమ్మ ఆకు ఎంతుందో, ఎవరికి తెలుసు.

పోయిన నెల చిన్న తరగతి పిల్లల్ని ఉప్పలపాడు తీసుకెళ్ళాను.
నీళ్ళ నడుమ చెట్ల నిండా గూడబాతులు, కంపు, గోల.
ఎంతసేపు చూసినా ఏదీ రొమ్ము పొడుచుకోలేదు.
అంత ముక్కు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు
రొమ్ముకి ఆనించుకుని నిలబడ్డయ్.
ఒక పిల్ల వచ్చి
తల మొత్తం తల్లి గొంతులో దూర్చింది,
ఊపిరాడదేమో అన్నంత లోతుకి.

"టీచర్, వాంతి చేసుకుంటందా?" ఇన్నయ్య మనవడు బెర్నార్డు.
తిన్నదే తీసి పెడుతుంది అన్నాను.
"మరి నెత్తురు?"
రాయప్ప గారి బెత్తం గుర్తొచ్చింది. బెల్లం గుర్తొచ్చింది.
ఎప్పుడో ఎవరో దూరం నుంచి చూసుంటారురా అన్నాను.
"దగ్గరికెళ్ళి చూడొచ్చుగా."

శనివారాలు పీఠం తుడిచేది నేనే.
మందసం పక్కన ఎర్రదీపంలో నూనె పోసి,
నిన్నటి మైనం గోటితో గీకి, చివరికి ఈ పలక.
తీయించి గ్రానైటు వేయిద్దామంటున్నారు కొత్త స్వాములోరు.
సభలో ఇంకా ఎవరూ చెయ్యెత్తలేదు.

నాలుగో పిల్ల మెడ దగ్గర తడిగుడ్డ ఆనిస్తే
ఇప్పటికీ కొంచెం ఎరుపు దిగుతుంది.
గుడ్డ పిండి ఆరేసి
ఆ వేళ్ళు కళ్ళకి తగలకుండా చూసుకుంటాను,
అలవాటు.